నల్లేరుపై తోట నడక

భద్రాచలము నుండి గోదావరి ఎడమగట్టు వెంబడి, దుమ్ముగూడెపు పాత ఆనకట్టను, పర్ణశాలకు చీలిన దారిని దాటి, ప్రవాహమునకు ఎదురుగా సుమారు 60 కిలోమీటర్లు పోయినచో, ఒకవంక మిరపచేలును, మరొకవంక ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వరకు సాగిన అడవియు, ఆ అడవికొండలలో పుట్టి గోదావరిని కలియవచ్చు తాలిపేరు వాగును గల చర్ల కానవచ్చును. ఈ ఊరికి నీటి కొదవ యుండునని దూరపువారెవ్వరును నమ్మరు. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైబడిన వర్షము, పెదమిడిసిలేరు కడ జలాశయము, చేరువనే జీవనది. ఇట్టిచోట అనావృష్టికి ఓర్చు మొక్కల ప్రసక్తి యేలయని అడుగుట సహజమే. కాని ఆ వర్షములో అధికభాగము మృగశిర మొదలు హస్త వరకు గల నాలుగు నెలలలోనే కురిసి ముగియును. తక్కిన ఎనిమిది నెలలలో స్వాతివాన ఒకటి, మాఘమున ఎప్పుడైన నొక జల్లు, వైశాఖమున ఈదురుగాలితో కూడిన అకాలవర్షము తప్ప, పెరటిమొక్కకు ఆకాశము నుండి దక్కునది యెండయే.

ఆ యెండ సామాన్యమైనది కాదు. వైశాఖ జ్యేష్ఠములలో ఇచటి మధ్యాహ్నము 45 డిగ్రీలను దాటుట వింత కాదు. తునికాకు కోతకు పోవువారు తెల్లవారకమునుపే అడవి చేరి, పొద్దు నడినెత్తికి రాకముందే కట్టలు దించుదురు. రోహిణికార్తెలో రోళ్లు పగులునన్న సామెతను ఈ ప్రాంతమువారు అతిశయోక్తిగా నెంచరు. ఆ దినములలో గులాబీకి రెండుపూటల నీరు పోయవలెను. మల్లెపొదకు నీడ కట్టవలెను. క్రోటన్ల ఆకులు అంచుల వెంబడి మాడి, తోటమాలి శ్రమను హేళన చేయుచున్నట్లు వ్రేలాడును. బోరుబావి అడుగంటు వేళ ఇంటి అవసరములకు చాలని నీటిని పూలమొక్కలకు పోయుట గృహస్థునకును సమ్మతము కాదు, గృహిణికి అసలే కాదు. కావున సూర్యుని నేరుగా చూచు పెరడు గలవారు చాలమంది ఆ పెరటిని సిమెంటుతో కప్పివేసి, తోట యను తలంపునకే తిలోదకములిచ్చుచున్నారు.

అట్లు కప్పివేయుటకు ముందు, ఊరిచుట్టును గల గుట్టలను, చేనిగట్లను, కంచెలను ఒక్కసారి పరికించిన బాగుండును. మే నెల మిట్టమధ్యాహ్నమున గడ్డి సైతము గోధుమవన్నెకు తిరిగినవేళ, బండసందులలో చాగ యాకులు కత్తులవలె నిలిచియుండును. కంచెలపై నల్లేరు పలకలు పలకలుగా ప్రాకి పచ్చగనే యుండును. జెముడు తన యాకులన్నింటిని రాల్చుకొని, కాండమునే ఆకుగా చేసికొని తపస్సు చేయుచుండును. వీనికెవ్వరును నీరు పోయుట లేదు, ఎరువు వేయుట లేదు. ఏటికేడు బ్రతికి, వర్షాకాలమున ఒడలు నింపుకొని, గ్రీష్మమున దానినే పొదుపుగా ఖర్చుపెట్టుకొను ఈ బహువార్షికములను నర్సరీలవారు సక్యులెంట్లని పిలుచుచున్నారు. ఆ పేరు క్రొత్తది. మొక్కలు మాత్రము మన పొలిమేరలకు ప్రాతకాపులు.

ఇవి ఎట్లు బ్రతుకుచున్నవను ప్రశ్నకు తొలి సూచన నిచ్చినవారిలో ఒకడు మన గోదావరీమండలముతో సంబంధము గలవాడగుట నాకెప్పుడును విస్మయము గొల్పు విషయము. సామర్లకోటలో ఈస్టిండియా కుంఫిణీవారికి మిరియాలు మొదలగువాని తోట యుండెడిది. 1781 నుండి అచట నున్న విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు తరలిపోగా, ఆ తోట బెంజమిన్ హెయిన్ అను జర్మను పండితుని వశమయ్యెను. ఈ హెయిన్ తరువాతి కాలమున రణపాల యాకును నోటవేసికొని యొక చిత్రమును గమనించెను. ఉదయమున ఆ యాకు చుక్కకూరవలె పుల్లగా నుండును, మధ్యాహ్నమునకు చప్పబడును, సాయంకాలమునకు కొంత చేదెక్కును. ఈ సంగతిని ఆయన 1813లో లాంబర్టు అను వృక్షశాస్త్రజ్ఞునికి లేఖగా వ్రాయగా, అది 1815లో లండన్ లినేయన్ సొసైటీవారి సంపుటమున అచ్చుపడినది. ప్రయోగశాల లేదు, పరికరము లేదు. నాలుక యొక్కటే సాధనము. రణపాల నేటికిని మన పెరళ్లలో దొరకును గనుక, ఈ పరీక్షను ఎవరైనను ఇంటనే చేసి చూడవచ్చును. చిన్నముక్క చాలును, అంతకుమించి నమలుట అనవసరము.

ఆ పులుపు వెనుకనున్న రహస్యము తేలుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. సాధారణ వృక్షములు పగటివేళ పత్రరంధ్రములను తెరచి బొగ్గుపులుసు వాయువును లోనికి గ్రహించును. అట్లు తెరచినప్పుడు లోపలి తేమ ఆవిరియై పోవుట అనివార్యము. రణపాల, కలబంద, నాగజెముడు మున్నగునవి ఈ వ్యవహారమును తలక్రిందులు చేసినవి. పగలెల్ల తలుపులు మూసికొని, రాత్రి గాలి చల్లబడిన పిమ్మట తెరచి, గ్రహించిన వాయువును మాలిక్ ఆమ్లముగా మార్చి కణములలో నిలువచేసి, తెల్లవారి సూర్యరశ్మి సోకగనే ఆ యామ్లమును విడగొట్టి, తలుపులు తెరువకయే అన్నము వండుకొనును. తెల్లవారుజామున ఆకు పుల్లన, మధ్యాహ్నమునకు చప్పన యగుటకు హేతువిదియే. రణపాల చేరిన క్రాసులేసియే కుటుంబమున తొలుత బాగుగా పరిశీలింపబడుటచే ఈ పద్ధతికి క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ యని పేరు. దీనివలన కలుగు ఆదా యెంతటిదన, ఒక గ్రాము బొగ్గుపులుసు వాయువును సంపాదించుటకు వరివంటి మొక్క 400 నుండి 500 గ్రాముల నీటిని, మొక్కజొన్న 250 నుండి 300 గ్రాముల నీటిని ఆవిరిగా పోగొట్టుకొనగా, ఈ రాత్రివ్యాపారులు 50 నుండి 100 గ్రాములతో సరిపెట్టుకొనును.

ఇంతకంటెను కఠినమైన వ్రతమొకటి వీనికి కలదు. కరవు మిక్కుటమైనప్పుడు కొన్ని రాత్రియు తలుపులు తెరువక, తమ శ్వాసక్రియలో వెలువడిన వాయువునే మరల మరల వాడుకొనుచు, పెరుగుదలను చాలించి, ప్రాణమును మాత్రము నిలుపుకొనును. దిష్టి తగులకుండుటకని మన యిండ్ల గుమ్మములకు కలబందను వేళ్లతోసహా పెకలించి తలక్రిందులుగా వ్రేలాడగట్టుట అందరును ఎరిగిన యాచారము. మన్ను లేక, నీరు లేక, మాసములు గడచినను అది చావదు. తుదలు పైకి వంచి క్రొత్తయాకును సైతము చూపును. దాని మహిమ దిష్టి విషయమున ఎంతయో నేను చెప్పజాలను. తనలోని నీటిని, తనలోని గాలిని కాపాడుకొనుటలో మాత్రము ఆ గుమ్మపు కలబందకు సాటి యగు పాఠ్యగ్రంథము లేదు.

ఇంతవరకు వినినవారు, మొక్క ఎండకు వెరవనిదైనచో ఏదైన నొకటి కొనితెచ్చి పెరట నాటవచ్చునని తలంచెదరు. పట్టణపు నర్సరీలలో చిన్నచిన్న గిన్నెలయందు తామరపువ్వువలె అమర్చిన నీలిబూడిదవన్నె యాకులతో కన్నులకింపుగా కనబడు ఎచెవేరియాలు, ముత్యాలవలె జీరాడు సీడమ్‌లు అట్లు కొనుగోలై చర్ల వరకును వచ్చుచున్నవి, వచ్చిన కొలదికాలమునకే కుళ్లి నీరగుచున్నవి. కొన్నవారు తమ చేతి దోషమనుకొందురు. దోషము చేతిది కాదు, రాత్రిది. ఎచెవేరియాల పుట్టినిల్లు మెక్సికో పీఠభూముల ఎత్తైన కొండచరియలు. అచట పగలు ఎంత కాచినను రాత్రి చల్లబడును. రాత్రి చల్లదనమును నమ్ముకొని పత్రరంధ్రములను తెరచు మొక్కకు, నడిరేయి సైతము 30 డిగ్రీల కడనే నిలిచిపోవు మన వేసవిలో రాత్రి యనునదే లేకుండపోయినట్లయినది. తలుపు తెరచిన తేమ పోవును, తెరువకున్న ఆకలి తీరదు. అట్లు క్షీణించిన మొక్కపై మృగశిర తొలివాన పడగనే శిలీంధ్రము దాని మొదలును పట్టుకొనును. ఇవి బెంగుళూరు చల్లదనమునకు, ఊటీ కొండలకు తగినవి. వీనిని చర్ల ఎండలో పెంచబూనుట, నా యభిప్రాయమున, ధనవ్యయమే కాక మొక్కకును అన్యాయము.

ఇచట రెండవ సంగతి, ఈ వ్యాసమునకు ముఖ్యమైన సంగతి, చెప్పవలసియున్నది. చర్లలో మాంసలమైన మొక్కను చంపునది ఎండ కాదు, నీరు. అనంతపురము జిల్లావారు సక్యులెంటును నేలలో గుచ్చి మరచిపోవచ్చును. ఇచటివారికి ఆ సౌఖ్యము లేదు. ఎనిమిది నెలల అనావృష్టి కోర్చు మొక్కయే నాలుగు నెలల ముసురునకును ఓర్వవలెను. శ్రావణ భాద్రపదములలో వారములకొలది సూర్యుడు కనబడడు. నేల పిండిన బట్టవలె ఎప్పుడును తడిగనే యుండును. గోదావరి పొంగెనా, పల్లపు పెరళ్లు నీట మునుగును. భద్రాచలము కడ మూడవ ప్రమాదసూచిక 53 అడుగులు కాగా, 1986 ఆగస్టులో నీటిమట్టము 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును చేరినది. వరద తీసిన పిమ్మట మిగులు ఒండ్రు వరికి వరమగునేమో కాని, కలబంద మొవ్వున పేరుకొనినచో దినముల వ్యవధిలోనే దానిని కుళ్లబెట్టును. కావున ఇచటి పెంపకమున తొలి పాఠము నీరు పోయుట కాదు, నీటిని పంపివేయుట.

అందుకు మార్గము దిబ్బ. పెరటిలో నెండ యెక్కువగా పడు తావును ఎన్నుకొని, అడుగున పిడికిళ్లంత రాళ్లను, పగిలిన పెంకులను అరయడుగు మందమున పరచి, పైన ముతక ఇసుకయు మొరమును రెండు పాళ్లు, ఎర్రచెలక మన్ను ఒక పాలు, బాగుగా మాగిన పశువులయెరువు పిడికెడు కలిపి, మొత్తము ఒకటిన్నర అడుగు ఎత్తునకు తగ్గకుండ పోయవలెను. ఒక ప్రక్కకు వాలు ఉండుట అవసరము. నల్లరేగడిని, ఏటి ఒండ్రును దగ్గరకు రానీయరాదు. అవి నీటిని పట్టియుంచుటలో ఎంత నేర్పరులో, ఈ మొక్కల విషయమున అంత ద్రోహులు. దిబ్బపైన మరల గులకరాళ్లను పరచినచో మొక్కమొదలు ఎల్లప్పుడును పొడిగా నుండును, వానచినుకు మట్టిని ఆకులపై చిందింపదు, వేసవిలో అడుగుతేమ త్వరగా ఆవిరి కాదు. ఇంటిచూరు నీరు ధారగా పడుచోట మాత్రము ఎంత దిబ్బ వేసినను వ్యర్థమే.

నాటు కాలమును గూర్చి జనులలో నొక పొరపాటు కలదు. వాన పడగనే మొక్క నాటవలెనను మన సేద్యపు సంప్రదాయము ఇచట పనికిరాదు. కొమ్మలను గాని పిలకలను గాని ఆశ్వయుజము చివర, కార్తికమున నాటుట మేలు. నేలలో కొంత తేమ మిగిలియుండును, ఆకాశము తేటపడియుండును, ఎండ యింకను ముదరదు. మాఘ ఫాల్గుణముల మీదుగా సూర్యుడు దినదినము తీక్ష్ణమగుచుండగా మొక్కయు దానితోపాటు రాటుదేలును. నర్సరీ నీడలో పెరిగినదానిని నేరుగా వైశాఖపుటెండకు వెడలదీసినచో, అది ఎడారిమొక్కయే యైనను, ఆకులపై తెల్లని కాలినమచ్చలు పడి శాశ్వతముగా నిలిచిపోవును. కోసిన కొమ్మను వెంటనే నాటక, నీడలో నాలుగైదు దినములు గాటు ఆరనిచ్చి, పొర కట్టిన తరువాతనే మన్నులో నిలుపవలెను. పచ్చిగాటు మన్నులో పడుట కుళ్లునకు పిలుపు.

ఇక ఏ మొక్కలన్న విచారము. నా తోటలో అగ్రతాంబూలము చాగకు. మూర్వ యని సంస్కృతమున ప్రసిద్ధమైన ఈ మొక్క నారతోనే పూర్వులు వింటినారిని పేనిరి గనుక మౌర్వి యను మాట పుట్టినది. ఉపనయనమున క్షత్రియవటువునకు మూర్వామేఖలను మనుస్మృతి విధించినది. అంతటి వంశచరిత్ర గల మొక్క నేడు గుట్టమొదట పశువులు తొక్కుచుండగా, దాని ఆఫ్రికా జ్ఞాతి పసుపంచు పట్టుచీరవంటి ఆకులతో స్నేక్ ప్లాంట్ అను పేర పట్టణపు డ్రాయింగురూములలో కొలువు తీరినది. రెండింటికిని పెంపకములో భేదము స్వల్పము. చాగ ఎండలోను పెరుగును, చెట్టునీడలోను పెరుగును. నేలలో దుంపవేరు ప్రాకించి మెల్లగా గుంపు కట్టును. తెల్లని సన్నపూలకంకి వేసి, పిదప నారింజవన్నె పండ్లతో కొంతకాలము అలంకరించుకొనును. అడవినుండి దానిని సమూలముగా పెకలించి తెచ్చుట తగదు. ఒక పిలక, కాదేని ఒక్క ఆకుముక్క, చాలును.

కుందేటికొమ్ములను గూర్చి చెప్పినచో ఈతరమువారు వినియుండకపోవచ్చును. రాతినేలలలో ఇతర పొదల చాటున, వ్రేలంత లావున, నాలుగు పలకలుగా, ఆకులన్నవి లేక నిలువున లేచు చిన్నమొక్క యిది. మేకల కాపరులు దీనిని ఉప్పుతో నంజుకొని దాహము తీర్చుకొందురు. ముదురు ఊదావన్నె పూలు చూచుటకు చక్కనివి, వాసన మాత్రము ఈగలకే ఇంపు. ఆ యీగలే దానికి పుప్పొడి మోయు బంట్లు. రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి 1795లో ప్రారంభించిన బృహద్గ్రంథపు మొదటి సంపుటమున దీని చిత్తరువును ప్రకటించి, తెలుగువారు చెప్పిన కారల్లమను పేరును కూడ వ్రాసికొనెను. పిమ్మట 1810లో రాబర్ట్ బ్రౌన్ ఈ జాతికంతటికి కారల్లూమా యని నామకరణము చేసెను. ఇట్లు ఆఫ్రికా, అరేబియా దేశములలోని దీని బంధువులు సైతము తెలుగుపేరుతోనే శాస్త్రజ్ఞుల పుస్తకములలో చెల్లుబడి యగుచున్నవి. కుండీలో పెంచువారు పూర్తిగా ఇసుకమొరములను వాడి, వానలో తడవనీయక, పక్షమునకొకసారి నీరు చూపిన చాలును.

జెముళ్లను ఇంట పెంచుటకు కొందరు సంకోచింతురు. ముండ్లమొక్క ఇంటికి కలహము తెచ్చునని వారి నమ్మకము. కలహము మాట యెట్లున్నను, పాలమాట నిజము. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు ఈ మూడును గిల్లినచో తెల్లని పాలు కారును; ఆ పాలు కంటబడినచో తీవ్రమైన మంటయు, ఒక్కొక్కప్పుడు చూపునకు హానియు కలుగును. చేతితొడుగు లేక, పిల్లలు తిరుగు దారిలో, వీనిని నరకరాదు. ఈ జాగ్రత్త వహించినచో ఎండపెరటికి వీనిని మించిన స్థిరమూర్తులు లేవు. మనవారు వీనిని నాగజెముడుతో కలిపి ఒక్కగాటనే కట్టుదురు గాని, నాగజెముడు అమెరికా ఖండము నుండి దిగుమతియైన కాక్టస్ కులమునకు చెందినది. దానిని గిల్లిన పాలు రావు. ఒకదానికొకటి ఎరుగని రెండు వంశములు, వేరువేరు ఖండములలో, ఒకే ఎండకు ఒకే తీరు రూపమును ధరించుట ప్రకృతిలోని వింతలలో నొకటి.

నాగజెముడు మన దేశమునకు వచ్చుటలో గల కథ ప్రభుత్వముల బుద్ధిమంతనమునకు మంచి నిదర్శనము. దానిపై బ్రతుకు ఇంద్రగోపకీటకము నుండి లభించు ఎర్రరంగుపై స్పెయినువారి గుత్తాధిపత్యమును భంజింపదలచి, మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ నాగజెముడు తోటలనే వేయించెను. 1795లో బ్రెజిలు నుండి తెప్పించిన పురుగు తీరా చూడగా మేలుజాతిది కాకపోయెను. రంగు దక్కలేదు సరికదా, ఆ పురుగు ఒకరకపు నాగజెముడును ఊళ్లకూళ్లుగా తినివేసినది. కలుపుమొక్కను కీటకముచే నిర్మూలించుటలో ప్రపంచమున తొలి యుదాహరణముగా శాస్త్రజ్ఞులు దీనినే చెప్పుదురు. మరియొకరకము మాత్రము ఆ పురుగునకు లొంగక దక్షిణదేశమంతట పొలములను ఆక్రమింపగా, 1926లో సింహళము నుండి వేరొక పురుగును తెచ్చి దానిని అణచిరి. పండు రుచియైనదే, పువ్వు పసుపుపచ్చని సొగసుకత్తెయే. ఐనను నేను దీనిని దిబ్బపై నాటుమని చెప్పను. ఒక్క మట్ట రాలిన చోటెల్ల వేరూనుకొను స్వభావము గలదానిని అడవి సరిహద్దున వదలుట వివేకము కాదు.

కిత్తనార మట్టల సంగతి వేరు. పెద్దపెరడు గలవారికే అది తగును, మట్టలతుద సూదివలె నుండును గనుక బాటకు దూరముగా నుండవలెను. పది పదునైదేండ్లు మౌనముగా పెరిగి, ఒక్కసారి తాటిమానంత కంబమును లేపి, పూచి, తల్లి మరణించును. చుట్టును పిలకలు, కంబముపై చిరుమొక్కలు అసంఖ్యాకముగా మిగులును. కలబందకు పరిచయమక్కరలేదు. దాని పసుపుపూల కంకికై శీతకాలపు టుదయములలో తేనెపిట్టలు వచ్చుట చూడదగినది. వామాకు, గంగవాయిలి కూడ నీటిని ఆకులలో దాచుకొనునవే. గంగవాయిలి ఏడాదిమొక్క గనుక మన లెక్కకు రాదు గాని, తడి యున్నపుడు మొక్కజొన్నవలెను, కరవులో కలబందవలెను ప్రవర్తించు దాని ద్వంద్వనీతిని తలచి మెచ్చుకొనకుండలేము. వామాకు బజ్జీల రుచి ఎరిగినవారికి ఆ మొక్కను వేరే సిఫారసు చేయ పనిలేదు.

రంగులు కావలెననువారికి అడీనియం ఒక్కటి చాలును. తూర్పు ఆఫ్రికా, అరేబియా ప్రాంతములది; గన్నేరునకు దగ్గరి చుట్టము, దానివలెనే విషము. గోదావరి దిగువన కడియపులంక నర్సరీలలో ఇది అన్ని వన్నెలలోను దొరకును. ఎడారిగులాబి యను పేరు విని దీనికి వేసవిలో నీరక్కరలేదని తలంచుట పొరపాటు. వేసవియే దాని యౌవనము, అప్పుడు వారమునకు రెండుమార్లు నీరిచ్చినచో గులాబి, ఎరుపు పూలతో నిండిపోవును. నీరు మానవలసినది శీతకాలమున, ఆకు రాల్చి నిద్రించు వేళ. వానకాలమున కుండీని వసారాలోనికి చేర్చవలెను. ఉబ్బిన మొదలును ఏటేట కొద్దికొద్దిగా మన్నుపైకి లేపి నాటినచో, కొన్ని యేండ్లకు పొట్టిమఱ్ఱివలె గంభీరమగును.

తక్కిన పరిచర్య స్వల్పమే. దిబ్బపైనున్న పాతకాపులకు మే నెలలో పదిదినములకొకసారి, సాయంకాలమున, మొదలు తడియునట్లు నీరు పోసిన చాలును. చాగకు, జెముళ్లకు అదియు నక్కరలేదు. మృగశిర నుండి నీటిమాట తలపెట్టరాదు. ఆకుసందులలో పిండినల్లి తెల్లని దూదివలె కనబడినచో వేపనూనెను సబ్బునీటిలో కలిపి తుడువవలెను. మొదలు మెత్తబడి దుర్వాసన వచ్చినచో జాలిపడక, కుళ్లునంతటిని కోసి, మంచిభాగమును ఆరబెట్టి, మరల నాటవలెను. ఆకులు ముడుతలు పడుట దాహమునకు గుర్తు, అది ఒక్కసారి నీరు పోసిన తీరును. పసుపుబారి మెత్తబడుట అతిపానమునకు గుర్తు, దానికి మందు లేదు.

నల్లేరును కడపటికి ఉంచితిని. అది దిబ్బ యెక్కవలసిన పనిలేదు, మన్ను ఎన్నవలసిన పనిలేదు; కంచె యొక్కటి చూపిన, ప్రతి కణుపు కడను వేరుబెట్టు శక్తితో దానిని కప్పివేయును. ఎండవేళ ఆకులు రాల్చి, పలకల కాడతోనే బ్రతుకును. తొలకరికి లేతకొనలు వేయును. విరిగిన యెముకలు అతుకునని వైద్యశాస్త్రమున అస్థిసంహారి, వజ్రవల్లి యను పేర్లతో దీనికి గౌరవము. పెరటి ముందు కుండీలో దీనికి పందిరి కట్టగా చూచిన పొరుగింటి పెద్దమ్మ నవ్వి, "ఏంది సారూ, కంచెమీద ఊరికే పెరిగేదాన్ని తెచ్చి కుండీల కూసోబెట్టిన్రు? పచ్చడికి నాలుగు కొనలు తుంచుకుంట, ఏమనుకోకున్రి" అనినది. తుంచుకొనుటయే కాదు, చేయు విధమును కూడ చెప్పినది. కణుపులు విడిచి లేతకొనలనే తీసికొనవలెను. నారను ఒలిచి, ముక్కలను నూనెలో బాగుగా మగ్గునట్లు వేయించి, చింతపండు, ఎండుమిరప, వెల్లుల్లి, వేయించిన నువ్వులు చేర్చి నూరవలెను. చింతపండు తగ్గినచో, ముక్క పచ్చిగా మిగిలినచో, గొంతు దురద పుట్టును. కోయునప్పుడు చేతులకు నూనె రాచుకొనకున్న వ్రేళ్లును దురదపెట్టును.